సోలార్ వాళ్ల అసోసియేషన్‌తో మనకేం పని?

ప్రశ్న: మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుందామని ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. ఒకాయన 'మేం అసోసియేషన్ మెంబర్లమండీ, మీకే టెన్షనూ ఉండదు' అంటూ మిగతా ఇద్దరికంటే ఎక్కువ అడుగుతున్నారు. వ్యాపారులు పెట్టుకున్న సంఘం వల్ల మాకు ఒరిగేదేమైనా ఉందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉందండీ, కానీ ఆయన చెబుతున్న విషయంలో కాదు.

2020 డిసెంబర్ 31న కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో నెట్ మీటరింగ్ (మనం గ్రిడ్‌కి ఇచ్చిన సోలార్ కరెంటుని మన వాడకంలోంచి తీసేసి మిగతాదానికే బిల్లు వేసే పద్ధతి) 10 కిలోవాట్ల వరకే అని రాశారు. అది దాటితే మేడ మీద తయారైన కరెంటంతా డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే రేటుకి అమ్మేసి, మనం వాడుకునేది మళ్లీ మామూలు ధరకి కొనుక్కోవాలి, అలాగైతే ఏ రైస్ మిల్లుకీ, కోల్డ్ స్టోరేజీకీ సోలార్ గిట్టుబాటు కాదు. ఒక్క మిల్లు యజమాని ఢిల్లీకి ఉత్తరం రాస్తే ఎవరు పట్టించుకుంటారు? సోలార్ సంఘాలూ, పరిశ్రమల సంఘాలూ గట్టిగా అభ్యంతరం చెప్పాయి. 2021 జూన్‌లో ఆ హద్దు 500 కిలోవాట్లకి పెరిగింది. సంఘం అసలు పని ఇదీ. జీఎస్టీ కూడా అంతే, 2021లో 5 నుంచి 12 శాతానికి పెంచితే తగ్గించమని అడుగుతూనే వచ్చారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి మళ్లీ 5 అయింది. మీ కొటేషన్‌లో ప్యానెళ్ల మీద ఇంకా పాత 12 శాతమే వేసి ఉంటే తప్పకుండా అడగండి.

ఇక మెంబర్‌షిప్ గ్యారంటీయా అంటే, కాదు. మా ఇంట్లో ఇన్వర్టర్ రెండేళ్లకే ఆగిపోయింది, బిగించినాయన ఫోన్ ఎత్తలేదు, ఆయన షాపు గోడకి మాత్రం అసోసియేషన్ సర్టిఫికెట్ వేలాడుతూనే ఉంది. ఆ తర్వాత చాలాకాలం మా వీధిలో ఎవరూ సోలార్ మాట ఎత్తలేదు. ప్యానెళ్లకి 25 ఏళ్ల వారంటీ చెప్పి అమ్మే వ్యాపారం కదా ఇది, ఒక మెంబర్ చేతులెత్తేస్తే ఇంకో మెంబర్‌ని పంపి బాగు చేయించే ఏర్పాటు సంఘమే పెట్టుకోవాలి. స్టాళ్లు పెట్టి కరపత్రాలు పంచడం కంటే అదే పెద్ద ప్రచారం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీరైతే ముందు ఆయన పేరు ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం పోర్టల్‌లో మీ డిస్కం కింద నమోదై ఉందో లేదో చూడండి, లేకపోతే 3 కిలోవాట్లకి వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ రాదు. ప్యానెళ్లలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే ఉండాలి, ఐదేళ్ల మెయింటెనెన్స్ సంగతి అగ్రిమెంట్‌లో కనిపించాలి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ఆయన్ని ఒకటే అడగండి: 'మీరు రాకపోతే మీ అసోసియేషన్ ఎన్ని రోజుల్లో మనిషిని పంపుతుంది?' ఆ మాట సంఘం లెటర్‌హెడ్ మీద రాసిస్తే కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు. లేకపోతే మిగతా ఇద్దరిలో పాత కస్టమర్ల ఇళ్లు చూపించగలిగినవాళ్లకి ఇవ్వండి.