గోల్ఫ్ కావాలో రిసార్ట్ కావాలో ముందు తేల్చుకోండి

"గోల్ఫ్ ఆడే అలవాటున్నవాళ్ళు ఫ్యామిలీతో వెళ్ళి బీచ్ రిసార్ట్‌లో దిగి గోల్ఫ్ హాలిడే చేస్తే పెట్టిన డబ్బుకు గిట్టుబాటవుతుందా?" అని కదా మీరు అడిగింది. అవదు. రెండూ విడివిడిగా బ్రహ్మాండంగా ఉంటాయి, కలిపితే రెండూ చెడతాయి. ఆ రిసార్ట్‌కు 'బొటిక్' అనే పేరు కూడా తగిలించి ఉంటే ఇంకా చెడతాయి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి. మధ్యలో రొయ్యల సంగతి వస్తుంది, తప్పదు, నాది ఆ వ్యాపారమే.

మాది కావలి. రొయ్యల ఫీడు డీలర్‌షిప్ ఉంది. కావలోడికి గోల్ఫ్ ఏంది అని నవ్వేవాళ్ళు మా ఊళ్ళోనే బోలెడుమంది, మీరూ నవ్వుకోండి. మా బావ, అంటే మా అక్క భర్త, ఒంగోల్లో ఉంటాడు, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేస్తాడు. ఆ బ్లాక్ గెలాక్సీ రాయి కొనడానికి వచ్చే బయ్యర్లలో గోల్ఫ్ పిచ్చోళ్ళు ఎక్కువ. వాళ్ళ కోసమని ఈయన చెన్నై పోయి నేర్చుకున్నాడు, తోడు కోసం నన్నూ ఈడ్చుకుపోయాడు. ఆయనకు ఆట వ్యాపారం కోసం, నాకు మాత్రం నిజంగానే అంటుకుంది. నాలుగైదు గంటలు పచ్చికలో నడక, ఫోన్ సంచిలో, ఎవడూ బాకీ గురించి మాట్లాడడు. ఇంతకన్నా ఏం కావాలి?

సరే, హువా హిన్ వెళ్దామని బావే ప్లాన్ వేశాడు. రిసార్ట్ కూడా ఆయనే బుక్ చేశాడు, ఇది గమనించండి. బ్యాంకాక్‌కు దక్షిణంగా 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది ఆ ఊరు. థాయ్‌లాండ్‌లో మొదటి పెద్ద గోల్ఫ్ మైదానం అక్కడిదే, రాయల్ హువా హిన్, 1924లో రైల్వే స్టేషన్ పక్కనే వేశారు. గీసింది కూడా రైల్వేలో పనిచేసిన స్కాట్లండ్ ఇంజనీరే. రైలు వచ్చాక హోటలు, హోటలు పక్కన గోల్ఫ్, ఆ వెనక రాజుగారి వేసవి విడిది, అట్లా పెరిగిన ఊరు. చెక్కతో కట్టిన ఆ పాత స్టేషన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మన బిట్రగుంటలో స్టీమింజన్ల కాలం నాటి రైల్వే కాలనీ ఎట్లా పాడుబడిందో చూసినవాడిని కాబట్టి నాకు అక్కడ కడుపు మండింది కూడా. అది వేరే ప్రశ్నకు రాస్తాలెండి.

మొదటి మోసం ఫొటోలో ఉంటుంది. పచ్చిక మీద తెల్ల బంతి, వెనకాలే అలలు. వెళ్ళి చూస్తే సముద్రం ఊరికి తూర్పున, గోల్ఫ్ మైదానాలు చాలావరకు పడమర కొండల వైపు. అంటే రోజూ వ్యాన్ ఎక్కాలి. వేడి కోసం పొద్దున్నే మొదలెట్టాలి, టీ టైం, అంటే ఆట మొదలెట్టే వేళ, ఆరుంబావు అన్నారంటే నాలుగున్నరకు లేవాలి. వాళ్ళ గడియారం మనకన్నా గంటన్నర ముందు, అంటే మన ఒంటికి అది తెల్లవారుజామున మూడు! మా ఆక్వా వాళ్ళకు ఆ టైము కొత్తేం కాదు, గుంటలో ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే కాబట్టి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి లేస్తూనే ఉంటాం. కానీ రాత్రికి అన్నన్ని వేలు కట్టిన మంచం మీంచి ఆ టైముకు లేవడం ఉంది చూశారూ, అది వేరే బాధ. దిండు ఏ రకం కావాలో ఎంచుకోమని ఒక కార్డు పెట్టారండీ గదిలో. ఎనిమిదింటికి కళ్ళు మూతలు పడేవాడికి ఏ దిండయితే ఏంది?

టిఫిన్ ఏడు నుంచి పది దాకా. మేం ఐదింటికి పోయేవాళ్ళం, తిరిగొచ్చేసరికి పదకొండు దాటేది. ముందు రోజు చెప్పి ఉంచితే అట్టపెట్టెలో చల్లటి శాండ్‌విచ్, ఒక అరటిపండు పెట్టి ఇచ్చేవాళ్ళు. గదితో పాటు టిఫిన్‌కు కూడా డబ్బు కట్టింది మేమే. గదులు పట్టుమని పదిహేను కూడా లేని చోట ఇద్దరి కోసం రెండు గుడ్లు ముందుగా ఉడకబెట్టలేరా అంటే, కిచెన్ తెరవదు సార్ అని రెండు చేతులూ జోడించి నవ్వుతారు. ఆ నవ్వు చూశాక పోట్లాడబుద్ధి కాదు. బొటిక్ అంటే నాకు అర్థమయింది అదీ, గదులు తక్కువ, పూలు ఎక్కువ, అడిగింది దొరకదు.

ఇంక ఆడవాళ్ళ సంగతి. హువా హిన్‌లో వానలు తగ్గి సీజన్ మొదలయ్యేది నవంబరులో. మనకు నవంబరంటే కార్తీకం. మా ఆవిడా, అక్కా నెలంతా నీచు ముట్టరు. థాయ్ వంటలో చేపల సాస్ పడని కూర వెతకాలంటే మీ తరం కాదు, కూరగాయల వేపుడు అని తెచ్చినా వాసన పట్టేస్తారు మనోళ్ళు. మా ఆవిడ కందిపొడి, నెయ్యి, ఊరగాయ సూట్‌కేసులో తెచ్చుకుంది కాబట్టి బతికారు. ఉత్త అన్నం తెమ్మంటే ఆ వెయిటర్ పిల్లాడు జాలిగా చూసేవాడట, వీళ్ళకు ఏమన్నా జబ్బేమో అన్నట్టు. మేం అలిసిపోయొచ్చి పడుకుంటే, వాళ్ళిద్దరూ సాయంత్రం దాకా ఎవరూ దిగని ఆ ప్రైవేట్ పూల్ పక్కన కూర్చుని బంధువుల పెళ్ళి సంబంధాలన్నీ తిరగేశారు. అంతకాడికి కావలిలోనే మేడ మీద కూర్చోవచ్చు.

సముద్రం బాగుందా అంటే బాగుంది, అల తక్కువ, మన బంగాళాఖాతం లాగా లాగేయదు. అయితే ఆ తీరం కూడా తూర్పు ముఖమే, సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు, ఒడ్డున అవే సర్వి చెట్లు. మా అక్క మొదటి రోజే తేల్చేసింది: "తుమ్మలపెంటలో సూర్యుడు ఇంతకన్నా పెద్దగా కనపడతాడు." నేను వాదించలేదు. మన మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం బీచ్‌లన్నీ పెట్టుకుని, సముద్రం చూడ్డానికి విమానం ఎక్కడం నాకైతే ఒప్పదు. మన బీచ్‌ల దగ్గర శుభ్రమైన బాత్రూం ఒకటి కట్టి దానికి నీళ్ళు వచ్చేట్టు చూస్తే సగం మంది థాయ్‌లాండ్ మానేస్తారు. ఇది నా గట్టి నమ్మకం, లెక్కలు అడక్కండి.

మరి గోల్ఫ్? దానికి మాత్రం వెళ్ళాల్సిందే. ఎందుకంటే క్యాడీలు, అంటే మన సంచి మోస్తూ ఎటు ఎట్లా కొట్టాలో చెప్పేవాళ్ళు. అక్కడ మనిషికో క్యాడీ, దాదాపు అందరూ ఆడవాళ్ళే, మెడ దాకా గుడ్డ చుట్టుకుని, వెడల్పాటి టోపీ పెట్టుకుని, చొక్కా మీద నంబరుతో ఉంటారు. నాకు వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. అనాస తోటల మధ్య కోర్సు అది. ఒక పార్ త్రీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన చోటు) దగ్గర టీకి, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటుకి, గ్రీన్‌కు, అంటే రంధ్రం ఉండే నున్నటి పచ్చికకు, మధ్య పెద్ద చెరువు. ముందు వెళ్ళినవాళ్ళు ఇంకా గ్రీన్ మీదే ఉన్నారు, ఆగాం. ఆ చెరువులో ఒక ఏరేటర్ ఉంది, మన గుంటల్లో తిరిగే చక్రాల రకమే, ఒక ఫ్లోటు నీళ్ళు తాగి పక్కకు ఒరిగిపోయింది. నీళ్ళేమో బఠానీ చారు రంగులో చిక్కగా ఉన్నాయి. నాకు చెయ్యి ఊరుకోదు కదా, గట్టున కూచుని దోసిట్లో నీళ్ళు తీసుకుని చూస్తున్నా. ఆవిడ వచ్చి పక్కన నిలబడి, ఏరేటర్ వైపు వేలు చూపించి "ష్రింప్?" అంది.

ఔను, నా పని అదే అని సైగ చేశా. అంతే, ఆవిడ ముఖం మారిపోయింది. దక్షిణాన సామ్ రోయ్ యోట్ అని సున్నపురాయి కొండల కింద రొయ్యల చెరువులు చాలా ఉండేవి, ఆవిడ అన్నయ్య చెరువులు కూడా అక్కడేనట. "మై బ్రదర్. వన్ మంత్. ఆల్ డెడ్." అని, చూపుడు వేలి చివరి గణుపు చూపించింది, అంటే అంత సైజులోనే పోయాయి. తర్వాత తన తల తట్టుకుని "వైట్", పొట్ట మీద చెయ్యి వేసి "నథింగ్" అంది. నాకు ఇంకేం చెప్పక్కర్లేదు. లివరు తెల్లబడి చిక్కిపోవడం, పేగులో మేత లేకపోవడం, సీడు (రొయ్య పిల్లలు) వదిలిన నెల లోపే చెరువు చెరువంతా పోవడం, అది ఈఎంఎస్, రొయ్యల్ని చిన్నప్పుడే చంపేసే జబ్బు. 2012, 13ల్లో థాయ్‌లాండ్ రొయ్యల రైతును ముంచింది ఆ జబ్బే. ఆ తర్వాతే ఆవిడ ఈ పనిలోకి వచ్చిందట, అన్న బ్యాంకాక్‌లో టాక్సీ నడుపుతున్నాడట. టైగర్ రొయ్య మీద వైట్ స్పాట్ వైరస్ పడ్డప్పుడు, అంటే 1994-95లో, మన నెల్లూరు తీరంలో మేడలు కట్టినోళ్ళే మేడలమ్ముకున్నారు. మా ఇంట్లో అవన్నీ చూసిన కథలే. భాష రాకపోయినా, ఆవిడ ఏ మాట కోసం వెతుక్కుంటోందో నాకు ముందే తెలుస్తోంది. నేను ఫోన్‌లో మా రైతుల గుంటల ఫొటోలు చూపిస్తే, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసుకునే పళ్ళెం) ఫొటో దగ్గర ఆపి, పెద్దది చేసి, మేత మిగిలిందా లేదా అని చూసింది. మిగల్లేదు. "గుడ్, గుడ్" అని నా భుజం తట్టింది.

వెనక నుంచి మా బావ, "ఏందిరా, చెరువు లీజుకు తీసుకుంటావా? వెనక కొరియా వాళ్ళు తిట్టుకుంటున్నారు" అని కేకలు. ఆయన క్యాడీ ఎక్కువ దూరం కొట్టే సెవెన్ ఐరన్ కర్ర ఇస్తే తోసేసి తక్కువ దూరం పోయే నైన్ ఐరన్ తీసుకుని కొట్టాడు, గాలి ఎదురుందని ఆ పిల్ల చెప్తూనే ఉంది, బంతి ఆ ఒరిగిన ఏరేటర్‌కు జానెడు దూరంలో మునిగింది. మా ఆవిడ ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టాన్నేను, గ్రీన్ అంచున పడింది. (మా ఆవిడ అంటే క్యాడీ, మళ్ళీ ఇంట్లో చదివితే గొడవ.) గ్రీన్ మీద కూడా అంతే, మనకు చదునుగా కనపడే చోట ఆవిడ మోకాలి మీద కూచుని చూసి, రంధ్రానికి ఎడమ పక్కన రెండు రంధ్రాల వెడల్పంత దూరం చూపించి అటు కొట్టమంది. పిచ్చా అనుకుంటూనే కొడితే మెల్లగా వంపు తిరిగి వచ్చి పడింది.

అయిపోయాక టిప్పు దగ్గర బావకూ నాకూ గొడవ. మేం వెళ్ళినప్పుడు 300, 400 భాట్లు ఇవ్వడం అలవాటు. నేను దానికి మించి ఇచ్చానని ఆయనకు కోపం, రేట్లు పెంచేస్తున్నావంట! రాత్రికి అంత పోసి పూలు చల్లిన మంచం కొన్నవాడు, ఎండలో నాలుగున్నర గంటలు నా సంచి మోసిన మనిషికి నూరు భాట్లు ఎక్కువిస్తే లెక్కలు అడుగుతాడు. డబ్బు ఖర్చు పెట్టడం రాని డబ్బున్నవాళ్ళు మన దగ్గర ఎక్కువ, అందులో మా బావ ముందు వరస.

కాబట్టి మీకు నేను చెప్పేదేంటంటే, గోల్ఫ్ కోసం వెళ్తే గోల్ఫ్ ఆడేవాళ్ళే వెళ్ళండి, మైదానానికి దగ్గరలో ఏసీ, వేణ్ణీళ్ళు ఉన్న మామూలు గది చూసుకోండి, తెల్లవారుజామున అన్నం దొరికే చోటు ముఖ్యం. మార్కెట్ పక్కన గంజి అమ్మే బండ్లు ఐదింటికే తెరుస్తారు, రిసార్ట్ శాండ్‌విచ్ కంటే వెయ్యి రెట్లు మేలు. మిగిలిన డబ్బు క్యాడీకివ్వండి. గోల్ఫ్ కిట్టు ఇక్కణ్ణించి మోసుకుపోవద్దు, విమానం వాళ్ళు బరువుకు తీసే డబ్బుకు అక్కడే అద్దెకు దొరుకుతుంది, బూట్లు, కాలరున్న టీషర్టులు మాత్రం తీసుకెళ్ళండి, కాలరు లేకపోతే చాలాచోట్ల లోపలికి రానివ్వరు. ఫ్యామిలీతో అయితే రిసార్టే పెట్టుకోండి, కిట్టు సంగతి మర్చిపోండి, కార్తీకంలో మాత్రం పోవద్దు. అన్నట్టు, అక్కడ చట్టప్రకారం బీచ్‌లన్నీ అందరివీ, కాబట్టి 'ప్రైవేట్ బీచ్' అని ఎవరైనా అదనంగా గుంజితే ఇవ్వకండి.

ఇంకోటి, ఆక్వాలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నవంబరు అసలు మంచిది కాదు. ఇక్కడ వాయుగుండం పడిందంటే కర్ర వెనక్కెత్తిన బ్యాక్‌స్వింగ్ మధ్యలో ఫోన్ మోగుతుంది: "అన్నా, రాత్రి నుంచి వాన వదల్లేదు, నీళ్ళలో ఉప్పు, సెలినిటీ, పడిపోయింది, మేత ఆపేయమంటావా?" ఆపేయి అని చెప్పి కొడితే బంతి అనాస తోటలోకి పోయింది.

బావ ఇప్పుడు వియత్నాంలో డా నాంగ్ అంటున్నాడు, మళ్ళీ సముద్రం పక్కన ఏదో రిసార్ట్ ఫొటోలు పంపుతున్నాడు, ఫిబ్రవరిలోనట. ఫిబ్రవరిలో మా దగ్గర సమ్మర్ క్రాప్‌కు సీడు వదులుతారు, నేను ఊరు కదిలేది లేదని చెప్పేశా. మా అక్క కూడా రానంది.