మైగ్రేన్ ఉన్నవారికి మెదడు రక్తప్రసరణ స్కాన్ అవసరమా?

మీ చెల్లెలికి కాలేజీ రోజుల నుంచి ఒకవైపు కణత నొప్పి, వాంతులు, వెలుతురు పడకపోవడం ఉన్నాయని, నొప్పికి ముందు అప్పుడప్పుడు కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తాయని, మెదడుకు రక్తం ఎలా అందుతుందో చూపించే స్కాన్ తీయిస్తే మైగ్రేన్ అవునో కాదో తేలిపోతుందని తెలిసినవారు చెప్పారని రాశారు. రక్తనాళాలు ఉబ్బడం వల్లే నొప్పి వస్తుంది కాబట్టి ఆ ఉబ్బు స్కాన్‌లో పడుతుంది కదా అని కూడా అడిగారు. నేను వైద్యురాలిని కాను. ఏళ్ల తరబడి ఆరాతో (అంటే నొప్పికి ముందు మెరుపు గీతలు కనిపించడం లాంటి, కాసేపుండి పోయే నాడీ లక్షణాలతో) కూడిన మైగ్రేన్‌తో బతుకుతున్నదాన్ని, అలాంటి స్కాన్ ఒకసారి నిజంగా అవసరపడి తీయించుకున్నదాన్ని. ఆ అనుభవం వల్ల ఈ విషయం శ్రద్ధగా చదివాను కనుక నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మైగ్రేన్‌ను నిర్ధారించేది రోగి చెప్పే వివరాలే గాని స్కాన్ కాదు. నొప్పి 4 నుంచి 72 గంటల వరకు ఉంటుందా, ఒకవైపే వస్తుందా, నాడి కొట్టుకున్నట్టు పోటు పెడుతుందా, నడిస్తే, మెట్లెక్కితే ఎక్కువవుతుందా, వికారం ఉంటుందా, వెలుతురూ చప్పుడూ భరించలేరా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులను, డాక్టరు చేతితో చేసే నరాల పరీక్షను బట్టి అది తేలుతుంది. రక్తప్రసరణ స్కాన్‌కు వేరే ఉపయోగం ఉంది, దాని గురించి కింద రాస్తాను.

నాళాలు ఉబ్బడమే కారణమన్న మాట ఊరికే పుట్టలేదు. అమెరికాలో హెరాల్డ్ వుల్ఫ్ బృందం 1938లో ఎర్గోటమిన్ మందు ఇచ్చినప్పుడు కణత దగ్గరి ధమని కొట్టుకోవడం తగ్గుతుందని, దానితో పాటే నొప్పీ తగ్గుతుందని చూపించింది. నాళాలు ముందు బిగుసుకుంటే ఆరా, తర్వాత వదులైతే తలనొప్పి అన్న వివరణ అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాల పాటు నిలిచింది. మన ఇళ్లలో కణతలకు గుడ్డ బిగించి కట్టుకునే అలవాటుకు కూడా అది చక్కగా సరిపోతుంది కనుక, వినగానే నమ్మబుద్ధి వేస్తుంది.

దాన్ని కదిలించింది రక్తప్రసరణను నేరుగా కొలిచిన ప్రయోగాలే. 1981లో కోపెన్‌హేగన్‌లో యెస్ ఓలెసెన్, ఆయన సహచరులు మెడ ధమనిలోకి జినాన్-133 అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఎక్కించి, మెదడులో ఏ భాగానికి ఎంత రక్తం అందుతోందో కొలిచారు. ఆ పరీక్ష జరుగుతుండగానే కొందరికి ఆరా మొదలైంది. రక్తప్రసరణ తగ్గుదల మెదడు వెనుక భాగంలో మొదలై, నిమిషానికి సుమారు 2 మిల్లీమీటర్ల వేగంతో ముందుకు పాకింది. ఒక నాళం బిగుసుకుంటే దాని పరిధి మొత్తం ఒకేసారి తగ్గాలి గాని, ఇలా మెల్లగా పాకకూడదు. 1944లోనే బ్రెజిల్‌కు చెందిన అరిస్టిడెస్ లియావ్ కుందేళ్ల మెదడు పైపొరలో, నాడీకణాల విద్యుత్ చర్య అణగిపోతూ అంతే నిదానంగా పాకే ఒక అలను కనుగొన్నారు. కణాల్లో పుట్టే ఆ అల ముందు నడుస్తుంటే రక్తప్రసరణ మార్పు దాని వెంట వస్తోందన్న అవగాహన ఈ రెండూ కలిశాక బలపడింది. 2001లో బోస్టన్‌లో, మెదడు పనిచేసే తీరును చూపే ఫంక్షనల్ ఎంఆర్ఐతో, వ్యాయామం చేసి తనకు తాను ఆరా తెప్పించుకోగల ఒక వ్యక్తిని పరీక్షించినప్పుడు అదే అల నిమిషానికి సుమారు 3.5 మిల్లీమీటర్ల వేగంతో చూపుకు సంబంధించిన భాగంలో కదలడం కనిపించింది.

నాకు ఆరా వచ్చేటప్పుడు చదువుతున్న పదంలో మధ్య అక్షరం ఒకటి మాయమవుతుంది. ఆ ఖాళీ చుట్టూ రంపపు పళ్ల లాంటి వెలుగు అంచు ఏర్పడి, వంకీలు తిరుగుతూ పక్కకు విస్తరిస్తుంది, సుమారు అరగంటలో చూపు అంచు దాటి పోతుంది. కళ్లు మూసుకున్నా అది కనిపిస్తూనే ఉంటుంది. ఆ అంచు కదిలే నిదానానికి కారణం మెదడులో పాకే ఆ అల నిదానమేనని చదివినప్పుడు, నా లోపల జరుగుతున్నదేమిటో మొదటిసారి తెలిసింది.

తలనొప్పి సంగతికి వస్తే, 1990లో ఓలెసెన్ బృందమే ఇంకో ముఖ్యమైన విషయం ప్రకటించింది. చాలామందిలో రక్తప్రసరణ ఇంకా తక్కువగా ఉన్నప్పుడే నొప్పి మొదలైంది, ప్రసరణ ఆ తర్వాతెప్పుడో పెరిగింది, నొప్పి పోయాక కూడా కొంతసేపు పెరిగే ఉంది. నొప్పికి ప్రసరణ పెరగడమే కారణమైతే ఈ వరుస కుదరదు. 2013లో కోపెన్‌హేగన్‌లోనే, ఆరా లేని మైగ్రేన్ నొప్పితో ఉన్న 19 మంది స్త్రీలకు నాళాల ఎంఆర్ఐ తీసినప్పుడు, పుర్రె బయటి ధమనులు ఉబ్బినట్టు కనిపించలేదు, లోపలివి కొద్దిగా మాత్రమే వెడల్పయ్యాయి. సుమట్రిప్టాన్ అనే మైగ్రేన్ మందుతో నొప్పి తగ్గాక కూడా ఆ లోపలి వెడల్పు అలాగే ఉంది. కాబట్టి మీరు అనుకుంటున్న ఉబ్బు, స్కాన్‌లో చూసి మైగ్రేన్ అని చెప్పగలిగినంతగా ఉండదు. ఈ రోజుల్లో ప్రధానంగా చూస్తున్నది ముఖం, తలల స్పర్శను మోసే ట్రైజెమినల్ నాడిని, అది విడుదల చేసే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని. దాన్ని అడ్డుకునే ఎరెనుమాబ్ లాంటి ఇంజెక్షన్లు 2018 నుంచి అమెరికాలో అనుమతి పొందాయి.

ఇక ఈ స్కాన్లు చూపేది ఏమిటో కొంచెం తెలుసుకోండి. స్పెక్ట్ అనే స్కాన్‌లో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన మందును నరంలోకి ఎక్కిస్తారు. అది నిమిషాల్లో మెదడులో నిలిచిపోతుంది కనుక, బొమ్మ తర్వాత తీసినా కనిపించేది ఇంజెక్షన్ వేసిన క్షణపు ప్రసరణే. రక్తప్రసరణను చూపే పర్ఫ్యూజన్ ఎంఆర్ఐలో గాడొలీనియం అనే మందును ఇంజెక్షన్‌గా వాడతారు. ఏఎస్ఎల్ అనే పద్ధతిలో ఇంజెక్షన్ కూడా ఉండదు, మెడ దగ్గర రక్తంలోని నీటికే అయస్కాంత గుర్తు వేసి, అది మెదడుకు చేరడాన్ని కొలుస్తారు. తలకు పెట్టే డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష రక్తం వేగాన్ని చెబుతుంది గాని ఎంత అందుతోందో చెప్పదు. ఏ పద్ధతిలోనైనా దొరికేది ఆ కాసేపటి బొమ్మ మాత్రమే. నొప్పి లేని రోజున తీస్తే ఎక్కువమందిలో అది మామూలుగానే ఉంటుంది. మైగ్రేన్ ఉన్నవారినీ లేనివారినీ గుంపులుగా పోల్చిన అధ్యయనాల్లో చిన్న చిన్న తేడాలు కనిపించినా అవి ఒకదానితో ఒకటి పొసగవు. వాటిని పట్టుకుని ఒక మనిషికి రోగం ఉందో లేదో చెప్పలేరు.

నాకు ఆ స్కాన్ అవసరమైన సందర్భం వేరు. ఒక రాత్రి కుడిచేతి వేళ్లలో తిమ్మిరి మొదలై, మెల్లగా మోచేతికి, అక్కడి నుంచి పెదవి మూలకు పాకింది. మాట్లాడబోతే మాట తడబడింది, నీళ్లు కావాలని అడగడానికి నీళ్లన్న మాటే దొరకలేదు. అంతకుముందు నాకు చూపు ఆరా తప్ప ఇలాంటిది ఎన్నడూ రాలేదు. మావారు పక్షవాతమేమోనన్న భయంతో వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు, అది సరైన నిర్ణయమే. అక్కడ తీసిన ఎంఆర్ఐలో, కణజాలం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే డిఫ్యూజన్ బొమ్మ మామూలుగా ఉంది. రక్తప్రసరణ బొమ్మలో మాత్రం ఎడమవైపు వెనుక సగమంతా నీలంగా, అంటే రక్తం తక్కువగా అందుతున్నట్టు, ఉంది.

న్యూరాలజిస్టు తెరపై పెన్ను మొనతో ఒక గీత చూపించి, "గడ్డకట్టి ఉంటే ఈ నీలం ఇక్కడ ఆగాలమ్మా, ఇది రెండు ధమనుల పరిధినీ దాటి పోయింది చూడండి" అన్నారు. కాలువకు ఆయకట్టు ఉన్నట్టే మెదడులో ఒక్కో ధమనికీ తన హద్దు ఉంటుంది, ధమని మూసుకుపోతే ఆ హద్దులోని భాగమే ఎండుతుంది. ఆరాలో తగ్గుదల ఆ హద్దులను పాటించదు, పైగా చాలావరకు కణాలు చచ్చిపోయేంత లోతుకు పోదు. లక్షణాలు మెల్లగా పాకడం, నా పాత చరిత్ర, ఈ బొమ్మ మూడూ కలిపి చూశాక, గడ్డను కరిగించే మందు ఇవ్వాల్సిన అవసరం లేదని ఆయన తేల్చారు. రక్తప్రసరణ స్కాన్ అసలు విలువ అక్కడ నాకు కనిపించింది. మైగ్రేన్ ఉందని చెప్పడానికి కాక, అదే సమయంలో అంతకన్నా ప్రమాదకరమైనది జరగడం లేదని చెప్పడానికి అది సాయపడింది.

మీ చెల్లెలి విషయంలో, నొప్పి ఏళ్లుగా ఒకే తీరులో ఉండి, నరాల పరీక్ష మామూలుగా ఉంటే, మామూలు సీటీ, ఎంఆర్ఐ కూడా అవసరం లేదని అమెరికన్ హెడేక్ సొసైటీ సలహా. ఎవరైనా స్కాన్ రాస్తే, "ఇందులో ఏం కనిపిస్తే వైద్యం మారుస్తారు డాక్టర్ గారూ?" అని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. ఇప్పటికే రిపోర్టు చేతిలో ఉండి, ప్రసరణ కొద్దిగా తగ్గిందని రాసి ఉంటే, ఆ రోజు నొప్పి ఉందా, ఆరా వచ్చి ఎంతసేపైందన్న వివరాలు కూడా డాక్టరుకు చెప్పాలి, అవి లేకుండా ఆ వాక్యానికి అర్థం చెప్పడం కష్టం.

జీవితంలో ఎన్నడూ లేనంత తీవ్రంగా నొప్పి ఒక్కసారిగా పిడుగు పడినట్టు వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చేయీ కాలూ ఉన్నట్టుండి పడిపోయినా, మూర్ఛ వచ్చినా, ఆరా గంట దాటినా తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెరుపు గీతలు ఆరాయే అయితే మరో సంగతి కూడా డాక్టరుతో మాట్లాడాలి. ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్న స్త్రీలలో పక్షవాతం ముప్పు కొంత ఎక్కువ కనుక, ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలసరి ఇబ్బందులకో మరొకదానికో ఆమె అలాంటి మాత్రలు వాడుతుంటే, స్కాన్ ఆలోచన కంటే ముందు ఆ చీటీని న్యూరాలజిస్టుకు, గైనకాలజిస్టుకు చూపించండి.