గ్రాఫ్ అక్షాన్ని దాటింది, తప్పు చేశానా?

ప్రశ్న: మాస్టారూ, 2 పవర్ ఎక్స్ గ్రాఫ్ ఎక్స్-అక్షాన్ని ఎప్పటికీ తాకదని చదువుకున్నాను. కానీ అందులోంచి 3 తీసేసి గీస్తే అక్షాన్ని దాటేస్తోంది. పైగా కాలిక్యులేటర్‌లో 2 పవర్ మైనస్ 400 కొడితే సున్నా వచ్చింది. అసింప్టోట్ అంటే తాకకూడని గీత కదా? పరీక్షలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: నీ గ్రాఫ్ సరిగ్గానే ఉందమ్మా. అసింప్టోట్ అంటే ఎక్స్-అక్షమే అన్న అభిప్రాయం మనసులో పాతుకుపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు.

ముందు 2 పవర్ ఎక్స్ సంగతి చూద్దాం. ఎక్స్ విలువ 2, 1, 0, మైనస్ 1, మైనస్ 2 అని తగ్గిస్తూ పో. వై విలువలు 4, 2, 1, అర, పావు అవుతాయి. ఎడమవైపు ఒక్కో అడుగుకీ సగమవుతోంది. ధన సంఖ్యను ఎన్నిసార్లు సగం చేసినా ధన సంఖ్యే మిగులుతుంది, సున్నా రాదు. మైనస్ 10 దగ్గర అది 1024లో ఒక వంతు. మామూలు గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్ గీత మందం అంతకన్నా ఎక్కువ, అందుకే కంటికి అంటుకున్నట్టే ఉంటుంది.

కాలిక్యులేటర్‌దీ అదే ఇబ్బంది. 2 పవర్ మైనస్ 400 అంటే దశాంశ బిందువు తర్వాత 120 సున్నాలు, ఆ తర్వాతే మొదటి అంకె. చాలా సైంటిఫిక్ కాలిక్యులేటర్లు 10 పవర్ మైనస్ 99 కన్నా చిన్న సంఖ్యను చూపించలేక సున్నా వేసేస్తాయి.

ఇప్పుడు 3 తీసెయ్. ఎక్స్ 0, మైనస్ 1, మైనస్ 2, మైనస్ 3 అయితే వై వరుసగా మైనస్ 2, మైనస్ 2.5, మైనస్ 2.75, మైనస్ 2.875. ఎక్కడికి చేరువవుతోందో చూశావా? పవర్ ఉన్న భాగం కరిగిపోతుంటే మిగిలేది ఆ మైనస్ 3 ఒక్కటే. కాబట్టి వై = మైనస్ 3 అన్న అడ్డగీతే ఇక్కడ అసింప్టోట్. గ్రాఫ్ మొత్తం 3 గళ్లు కిందికి దిగితే అసింప్టోట్ కూడా దానితోపాటే దిగింది. ఎక్స్-అక్షం ఇప్పుడు మామూలు గీత, వక్రం దాన్ని ఎక్స్ సుమారు 1.585 దగ్గర నిక్షేపంగా దాటుతుంది. 3 తీసేయడం ఘాతంలోనే చేస్తే, అంటే 2 పవర్ (ఎక్స్ మైనస్ 3) అయితే, గ్రాఫ్ కుడికి జరుగుతుంది, అసింప్టోట్ మాత్రం ఎక్స్-అక్షంగానే ఉంటుంది.

ఇంకొక మాట. "తాకకూడని గీత" అన్న నిర్వచనం వదిలెయ్. సైన్ ఎక్స్‌ని ఎక్స్‌తో భాగించి గీస్తే ఆ వక్రం తన అసింప్టోట్‌ని మళ్లీ మళ్లీ దాటుతూనే దానికి దగ్గరవుతుంది. ఎంతకైనా దగ్గరవడమే అసలు లక్షణం. మనం చూసిన ఘాత ప్రమేయాలు తాకవన్నది వాటికి సంబంధించిన అదనపు సంగతి.

పరీక్షలో ముందు అసింప్టోట్‌ని చుక్కల గీతగా వేసుకో, తర్వాతే బిందువులు పెట్టు. రుణ విలువలు తప్పకుండా తీసుకో, లేకపోతే అది పరావలయంలా కనిపిస్తుంది. ఈ రాత్రికి 2 పవర్ మైనస్ ఎక్స్‌కి 1 కలిపి గీసి చూడు. ఈసారి వక్రం కుడివైపుకి వెళ్లేకొద్దీ అసింప్టోట్‌కి దగ్గరవ్వాలి.