పాఠకుల ప్రశ్నలు: బందరు రేవును ముంచింది ఉప్పెనేనా?

ప్రశ్న: నేను విజయవాడలో రోజూ బందరు రోడ్డు మీదుగా ఆఫీసుకు వెళ్తాను. మచిలీపట్నం (బందరు) ఒకప్పుడు దేశదేశాల ఓడలు వచ్చిన రేవు అనీ, 1864 నాటి ఉప్పెనతో అది పోయిందనీ మా తాతయ్య అనేవారు. అది నిజమేనా? కొత్త రేవుతో ఆ వైభవం తిరిగి వస్తుందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు, మీ తాతయ్యగారి తరం వరకూ ఆ భయం కథగా వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. అయితే రేవు పోవడానికి అదొక్కటే కారణం అనడం సరికాదు. అప్పటికే ఒకటిన్నర శతాబ్దానికి పైగా చిక్కిపోతూ వచ్చిన పట్టణం మీద ఆ దెబ్బ పడింది.

నిజానికి బందరుకు ఓడలు ఒదిగి నిలిచే చోటు ఏనాడూ లేదు. కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు వల్ల తీరమంతా మెరక. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, సరుకును పడవల మీద ఒడ్డుకూ ఓడకూ చేరవేసేవారు. ఇంత ఇబ్బంది పడి అయినా వర్తకులు వచ్చారంటే, వారిని రప్పించింది రేవు వెనకున్న సీమ: గోల్కొండ రాజ్యం, అంతకు మించి మన నేతగాళ్ల, అద్దకం పనివారి చేతి పని.

ఆ పనిని పెడనలో ఇప్పటికీ చూడవచ్చు. బట్టను కరక్కాయ రసంలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన కసిమిలో చెక్క అచ్చును ముంచి అద్దితే, అప్పటిదాకా లేత పసుపుగా ఉన్న బట్ట మీద నల్లని గీత తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, రంగులో ఉడకబెడతారు. ఆ ఎరుపు పూర్వం చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం వైపు ఇసుక నేలల్లో దొరికే వేరుకు మంచి పేరుండేది. ఉతికినకొద్దీ వన్నె తేలే ఈ బట్టలు ఇస్తేనే తూర్పు దీవుల్లో లవంగం, జాజికాయ వంటి సరుకులు సులువుగా దొరికేవి కనుక, డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లోనే బందరులో కొఠీ (వర్తక స్థావరం) పెట్టారు. 1611లో ఇంగ్లీషువారి ‘గ్లోబ్’ ఓడ వచ్చింది. తర్వాత 1669లో ఫ్రెంచివారు వచ్చారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లు ఆ మూడు జాతులను నేటికీ గుర్తు చేస్తున్నాయి. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు.

క్షీణత కూడా ఆ వెనక సీమలోనే మొదలైంది. 1641లో ఇంగ్లీషువారు ఈ తీరంలో తమ ముఖ్య స్థానాన్ని మద్రాసు కోటకు మార్చుకున్నారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశం కావడంతో రాజధాని నుంచి వచ్చే కొనుగోళ్లూ పెట్టుబడీ తగ్గాయి. 1759లో ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకున్నాడు. ఆ గెలుపుతో ఉత్తర సర్కారుల (నేటి కోస్తా జిల్లాల) మీద ఇంగ్లీషువారి పట్టు బిగిసిందే గాని, పట్టణానికి పాత వ్యాపారం తిరిగి రాలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుల చవక బట్ట మన అద్దకాన్ని దెబ్బతీసింది. నా దృష్టిలో ఉప్పెన కంటే లోతైన గాయం ఇదే, ఎందుకంటే నీరు తీసిన తర్వాత ఇళ్లు మళ్లీ కట్టుకోవచ్చు, కొనేవాడు పోయిన మగ్గాన్ని నిలబెట్టడం కష్టం. ఆ తర్వాత మద్రాసు–కలకత్తా రైలు మార్గం బెజవాడ మీదుగా సాగి డెల్టా సరుకును తన వైపు తిప్పుకుంది. బందరుకు రైలు 20వ శతాబ్దంలో గాని రాలేదు.

ఇక కొత్త రేవు సంగతి. 2023లో పనులు మొదలైన ఈ రేవులో తొలి దశకు నాలుగు బెర్తులు (ఓడలు నిలిచి సరుకు దించే చోట్లు) తలపెట్టారు. అలలకు అడ్డుకట్టలు కట్టి, ఒండ్రు తవ్వి ఓడలకు లోతు కల్పించడం నేటి యంత్రాలకు సాధ్యమే, అయితే తవ్విన చోట ఒండ్రు మళ్లీ చేరుతుంది కనుక ఆ ఖర్చు ఏటా ఉంటుంది. ఆ ఖర్చును మోసేంత సరుకు రావాలి. పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ముగుస్తుంది. మీరు రోజూ వెళ్లే దారి ఆ పాత గోల్కొండ బాటకు వారసురాలే. గుంటూరు మిర్చి, పత్తి, కృష్ణా జిల్లా బియ్యం, తెలంగాణ సరుకు ఆ దారిన ఎంత వస్తాయన్న దాన్ని బట్టి రేవు నిలుస్తుంది.