నా డీజిల్ కారులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైట్ మాటిమాటికీ వెలుగుతోంది, ఆ ఫిల్టర్ తీసేస్తే పీడా పోతుందని మెకానిక్ అంటున్నాడు. తీయించనా?

తీయించకండి. 2022లో నేను చేయించి, తర్వాత బాధపడ్డాను కాబట్టి చెబుతున్నా.

నాదీ బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండే. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రోజూ ఆరేడు కిలోమీటర్లు, అంతే. లైట్ వెలగని వారం లేదు. ఓ మెకానిక్ డీపీఎఫ్ డబ్బా కోసి, లోపలున్న తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మని పగలగొట్టి తీసేసి, ఖాళీ డబ్బాని మళ్లీ వెల్డింగ్ చేశాడు. ల్యాప్‌టాప్ తగిలించి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేశాడు, అంటే దాని సెట్టింగులు మార్చాడు. లైట్ పోయింది, పికప్ కూడా బాగుందనిపించింది.

అంతకుముందు సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే పెద్దగా ఏమీ అంటేది కాదు. నెల తిరిగేసరికి కాటుక అంటినట్టు అంటింది. సెల్లార్‌లో బండి వెనక గోడ మీద అరచేయంత నల్లమచ్చ. ఆ గోడ పక్కనే వాచ్‌మన్ వాళ్ల గది. వాళ్ల పాప సాయంత్రాలు అక్కడే చాప వేసుకుని హోంవర్క్ చేసుకునేది. అది చూశాక బండి స్టార్ట్ చేయడానికి చేతులు రాలేదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందిగా అంటారు. నాకూ వచ్చింది. అక్కడ డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కించి పొగ ఎంత దట్టంగా ఉందో చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే హానికర వాయువులు కొలవనే కొలవరు. డీజిల్ కారు కిలోమీటరుకి వదలదగ్గ మసి బీఎస్4లో 25 మిల్లీగ్రాములు, బీఎస్6లో 4.5. ఆ తగ్గింపు దక్కేది ముఖ్యంగా ఆ దిమ్మ వల్లే.

ఒక్క బండితో ఏమవుతుంది అనుకోవద్దు. అమెరికాలో పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కులకు ఇలా పొగ శుద్ధి చేసే పరికరాలు పీకేశారని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో లెక్క తేల్చింది. వాటి నుంచి అదనంగా వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు 5.7 లక్షల టన్నులట. మన దగ్గరా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇది కుదరదు.

కొత్త డీపీఎఫ్‌కి నాకు లక్ష దాటింది. మీకింకా ఆ ఖర్చు రాలేదు. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఓ ఇరవై నిమిషాలు 2,000 ఆర్‌పీఎమ్ పైన ఆగకుండా నడపండి, మసి కాలిపోతుంది. కంపెనీ చెప్పిన లో-యాష్ (తక్కువ బూడిద మిగిల్చే) ఇంజిన్ ఆయిలే పోయించండి. అయినా లైట్ వస్తుంటే ప్రెషర్ సెన్సర్, ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్), ఇంజెక్టర్లు చూపించండి. చాలాసార్లు తప్పు వాటిదే. ఇంటికి చేరాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే రీజెన్ (ఫిల్టర్‌లోని మసిని బండే కాల్చుకోవడం) నడుస్తున్నట్టు. అప్పుడు ఇంజిన్ ఆపకుండా ఇంకో చుట్టు వేసి రండి.