ముక్కు ఎటు, ప్రయాణం ఎటు: హడ్ మీద ఆసక్తి ఉన్న ఇంటర్ విద్యార్థినికి జవాబు

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే ప్రాణం. పైలట్ ముందుండే అద్దం మీద పచ్చటి గీతల్లో ముక్కు గుర్తు ఆకాశం వైపే ఉంటుంది, విమానం మాత్రం కిందికి దిగుతూ ఉంటుంది. ఎక్కడ పొరబడుతున్నానో తెలియడం లేదు. ఎయిర్‌ఫోర్స్‌కు వెళ్లాలని ఉంది కానీ ఈ ఏడాదే కళ్లద్దాలు వచ్చాయి. నాన్న ఇదంతా టైం వేస్ట్ అంటున్నారు. ఈ ఇష్టాన్ని పట్టుకుని చదువుకోవడానికి దారి ఉందా? (ఒక విద్యార్థిని, కాకినాడ)

జవాబు: నువ్వు చూసింది నిజమేనమ్మా. ముక్కు పైకి ఎత్తి ఉండగానే విమానం దిగుతుంది. తేజస్ లాంటి డెల్టా (త్రికోణాకారపు) రెక్కల ఫైటర్ ల్యాండింగ్‌కు వస్తుంటే ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీకు ఈ అనుమానం వచ్చిందంటే గీతల్ని శ్రద్ధగా చూస్తున్నావన్నమాట.

ఆ అద్దాన్ని హెడ్-అప్ డిస్‌ప్లే అంటారు, వాడుకలో హడ్. దాని మీద నువ్వు ఒకటనుకున్నవి రెండు గుర్తులు. డబ్ల్యూ అక్షరంలా ఉండేది ముక్కు ఎటు చూస్తోందో చెబుతుంది, అద్దం మీద అది కదలదు. చిన్న సున్నాకు అటూ ఇటూ రెక్కలు, పైన తోక ఉన్నట్టు కనిపించేది ఫ్లైట్ పాత్ వెక్టర్. విమానం నిజంగా ఎటు పోతోందో అది చెబుతుంది, అద్దమంతా తిరుగుతూ ఉంటుంది. వీటి వెనకాల నిచ్చెన మెట్లలా కనిపించేవి పిచ్ గీతలు. డబ్ల్యూ పైన 8 దగ్గర, సున్నా కింద 3 దగ్గర ఉన్నాయనుకో. ముక్కు 8 డిగ్రీలు ఎత్తి, 3 డిగ్రీల వాలులో దిగుతున్నావని అర్థం. రెక్కలు సమంగా ఉండి, గాలి పైకీ కిందికీ వీయకపోతే రెంటికీ మధ్య ఉన్న ఆ 11 డిగ్రీలే యాంగిల్ ఆఫ్ అటాక్, అంటే ఎదురొచ్చే గాలికి విమానం ఎంత కోణంలో ఉందో చెప్పే లెక్క. దిగేటప్పుడు రన్‌వే మొదట్లో టైర్లు తాకాల్సిన చోట సున్నాను నిలుపు. ముక్కు సంగతి తర్వాత.

నిచ్చెనను ఇంకొంచెం పరిశీలించు. క్షితిజ రేఖకు పైన ఉన్న మెట్లు నిండు గీతలు, కింద ఉన్నవి తెగిన గీతలు. చివర్లలో ఉండే చిన్న కొక్కేలు క్షితిజం వైపే తిరిగి ఉంటాయి. మబ్బులో దూరినప్పుడు పైలట్ లోపలి చెవి అబద్ధం చెబుతుంది, తలకిందులుగా ఉన్నా తిన్నగానే ఉన్నానని నమ్మిస్తుంది. ఆ క్షణంలో అంకెలు చదివే తీరిక ఉండదు. గీత నిండుగా ఉందా తెగి ఉందా అన్నది ఒక్క చూపులో తెలియాలి. ఇంకో మాట. ఎడమకు ఒరిగితే నిచ్చెన కుడికి వాలినట్టు కనిపిస్తుంది. వాలింది నువ్వు, నిచ్చెన బయటి నేలతో సమంగానే ఉంది. ముక్కు ఎంత ఎత్తి ఉందో, విమానం ఎంత ఒరిగి ఉందో కలిపి చెప్పే మాట ఆటిట్యూడ్. దీన్ని నేల నుంచి ఎత్తును చెప్పే ఆల్టిట్యూడ్‌తో కలిపేసే పిల్లలు చాలామంది, నువ్వు కలపకు.

ముక్కు ఏ దిక్కుకు ఉందో డిగ్రీల్లో చూపే హెడింగ్ పట్టీ కూడా హడ్ మీద ఉంటుంది. అందులో చివరి సున్నాను వదిలేసి రాస్తారు, 09 అంటే 90 డిగ్రీలు. శంషాబాద్ రన్‌వేకు ఒక కొసన 09, ఇంకో కొసన 27 అని రాసేదీ ఈ లెక్క మీదే. ఇప్పుడు నీ ఫిజిక్స్ పుస్తకంలోని వెక్టర్లు తీయి. విమానం గాలిలో 140 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో 09 రన్‌వేకు వస్తోంది, దక్షిణం నుంచి 20 నాట్ల గాలి అడ్డంగా కొడుతోంది. సైన్ విలువ ఏడింట ఒకటి, కోణం దాదాపు 8 డిగ్రీలు. అంటే పట్టీ మీద హెడింగ్ 98 చూపిస్తుంది, ముక్కు రన్‌వేకు కుడిగా తిరిగి ఉంటుంది. సున్నా మాత్రం ముక్కుకు 8 డిగ్రీల ఎడమన, రన్‌వే మీదే నిలబడి ఉంటుంది. పడవవాడు ఏరు దాటేటప్పుడు ఎదుటి రేవుకు కాస్త ఎగువకు ముక్కు పెట్టడం గోదావరి ఒడ్డున చూసే ఉంటావు. ఇదీ అదే.

ఇక ఉద్యోగాల సంగతి. ఈ గుర్తులు అద్దం మీద అతికించిన బొమ్మలు కావు. లెన్సులు వాటిని అనంత దూరంలో ఉన్నట్టు చూపిస్తాయి, అందుకే అద్దం మీంచి రన్‌వేకు చూపు మార్చినా కన్ను మళ్లీ ఫోకస్ సర్దుకోనక్కర్లేదు. గీతలో ఒక డిగ్రీ బయటి ప్రపంచంలో సరిగ్గా ఒక డిగ్రీ అయితీరాలి. మూడు కిలోమీటర్ల దూరంలో ఒక డిగ్రీ తేడా వస్తే అది 52 మీటర్లు. పెద్ద రన్‌వేల వెడల్పే 45 నుంచి 60 మీటర్లు! ఈ ఖచ్చితత్వం వెనక ఆప్టిక్స్ వాళ్లు, విమానం తిరుగుడును పసిగట్టే గైరోల లెక్కలు రాసేవాళ్లు, విమాన సాఫ్ట్‌వేర్‌కు ఉన్న డీవో-178సీ ప్రమాణం ప్రకారం సాఫ్ట్‌వేర్ రాసి ప్రతి వరుసనూ పరీక్షించేవాళ్లు ఉంటారు. తేజస్ హడ్‌ను చండీగఢ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐవో రూపొందించింది, పంచకులలోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్ తయారుచేస్తుంది. బెంగళూరులో తేజస్‌ను రూపొందించిన ఏడీఏ, మన హైదరాబాద్ బాలానగర్‌లో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ వాళ్ల ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) విభాగం ఉన్నాయి. విమానాల ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసే ప్రైవేటు సంస్థలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

బ్రాంచి విషయంలో నా మాట స్పష్టంగా చెబుతాను. ఏరోనాటికల్ అన్న పేరు చూసి చేరిపోవద్దు. నీ ఇష్టం తెర వెనక జరిగే పని మీద ఉంది కాబట్టి ఈసీఈ తీసుకో. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీలో ఏవియానిక్స్ బీటెక్ ఉంది, దాన్ని ముందు పెట్టుకో. తర్వాత గేట్ రాస్తే ప్రభుత్వ పరిశోధన సంస్థల దారి కూడా తెరిచి ఉంటుంది.

పైలట్ కల ఇప్పుడే వదిలేయకు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచికి చూపు నిబంధనలు కఠినమే. నీ పవర్ ఎంతో రాయలేదు, ఎన్డీయే (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాలతో నీ కంటి చీటీ పోల్చి చూడు. పౌర విమానాలకైతే అద్దాలతో చూపు ప్రమాణానికి చేరితే చాలు. ఎయిర్ ఇండియా నడిపే బోయింగ్ 787లో ఇద్దరు పైలట్ల ముందూ హడ్ ఉంటుంది. 2016 జూన్‌లో మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే దేశపు తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు కమిషన్ అందుకున్నారు. వాళ్లలో మోహనా సింగ్ 2024లో తేజస్ స్క్వాడ్రన్‌లో అడుగుపెట్టారు. ఈ మాట నాన్నగారికి చెప్పు. పబ్లిక్ పరీక్షలయ్యేదాకా సిమ్యులేటర్ ఆదివారాలకే అని ఆయనకు మాట కూడా ఇవ్వు. ఆయన భయంలో న్యాయం ఉంది.

పరీక్షలయ్యాక పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న హడ్ గీయి. నిచ్చెన, డబ్ల్యూ, సున్నా, హెడింగ్ పట్టీ, ఇంతే. 90 డిగ్రీలు ఒరిగినప్పుడు, తలకిందులైనప్పుడు ఎలా ఉందో చూడు. ఆ తర్వాత విమానాన్ని 359 నుంచి 001కి తిప్పు, అది రెండు డిగ్రీల తిరుగుడు మాత్రమే. మొదటిసారి రాసేవాళ్ల పట్టీ చాలాసార్లు వెనక్కి గిర్రున చుట్టేస్తుంది, సగటు తీస్తే 180 అని చూపిస్తుంది. నీది ఏం చేసిందో, ఎలా సరిచేశావో నాకు రాయి.