రైలు పట్టాల ఫొటోలు చూసి డీప్ లెర్నింగ్ లోపాలు కనిపెట్టగలదా?

బీటెక్ ప్రాజెక్టుకు ఇది పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది, కానీ అన్ని లోపాలకూ కాదు.

బేగంపేట స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు కోసం నిలబడ్డప్పుడు పట్టాల వైపు ఒకసారి చూడండి. పట్టాల కింద అడ్డంగా ఉండే ప్రతి కాంక్రీటు స్లీపర్ మీదా పట్టాను పట్టి ఉంచే వంకీల్లాంటి ఇనుప క్లిప్పులు నాలుగు కనిపిస్తాయి. క్లిప్పు ఊడిపోవడం, పట్టా పైభాగం పెచ్చులూడటం, రెండు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేటుకు బోల్టు లేకపోవడం: ఇలా కంటికి కనిపించేవన్నీ కెమెరాకూ దొరుకుతాయి. వేల ఫొటోల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో గుర్తులు పెట్టి చూపిస్తే, డీప్ లెర్నింగ్‌లో వాడే న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రామ్ ఆ తేడాను తనే పట్టుకుంటుంది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. కిలోమీటరుకు 1660 స్లీపర్లనుకుంటే 6640 క్లిప్పులు. అందులో ఐదే ఊడాయనుకోండి. 'అన్నీ బాగున్నాయి' అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కి (అలా నేర్పిన ప్రోగ్రామ్‌కి) కూడా 99.9 శాతం మార్కులొస్తాయి! అందుకే యాక్యురసీ (మొత్తంలో ఎన్ని సరిగ్గా చెప్పిందనే శాతం) చూసి మురిసిపోకండి; ఆ ఐదింటిలో ఎన్ని పట్టిందో, ఎన్నిసార్లు ఉత్తుత్తి అలారం మోగించిందో చూడండి. నీడలు, గ్రీజు మరకలు, క్లిప్పును కప్పేసిన కంకర బాగా బోల్తా కొట్టిస్తాయి. ఎండలో తీసినవే కాక వాన ఫొటోలూ కలపండి.

పట్టా లోపలి పగులు మాత్రం ఏ ఫొటోలోనూ కనపడదు. దానికి లోపలికి ధ్వని తరంగాలు పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్షే దిక్కు. నన్నడిగితే ముందు క్లిప్పులొక్కటే తీసుకోండి, ప్రాజెక్టుకు అది చాలు.